పోయినసారి అగ్నివీర్ తప్పిపోయిందా? మల్ల అప్లై చేసేటోళ్ళు ఇది చదువుండ్రి

"పోయినేడు ఫారం నింపిన, పరీక్షకు పోలే. ఇప్పుడు మల్ల నింపితే తీసుకుంటరా అక్కా?"

సంక్రాంతి దాటిందంటే మా సెంటర్ల రోజూ వినవడే మాట ఇదే. దేవరకొండ బస్టాండ్ దిక్కు నాదొక చిన్న ఇంటర్నెట్, జిరాక్స్ షాపు. డిండి, చందంపేట, నేరేడుగొమ్ము, చింతపల్లి, కొండమల్లేపల్లి నుంచి పిలగాండ్లు వస్తరు. అగ్నివీర్ అంటే ఆర్మీల నాలుగేండ్ల సిపాయి నౌకరి, ఆ ఫారం నింపనీకి వచ్చేటోళ్ళల్ల చాలామంది కొత్తోళ్ళు కాదు, ఒకసారి ఎక్కడో తప్పిపోయి మల్ల వచ్చినోళ్ళే. ఒక్కొక్కనికి విడివిడిగ చెప్పి నోరు నొస్తున్నది. అందుకే అంతా ఒక్క దగ్గర రాస్తున్న.

తీసుకుంటరు తమ్మీ. పరీక్షకు పోకపోతే కేసు కాదు, జుర్మానా లేదు, నీ పేరు మీద ఎర్రగీత ఏం పడదు. మన దేశంల పెద్దోడైన ప్రతి పిలగాడు మిలిటరీకి పోవాలె అనే చట్టం లేదు, మనంతట మనం పోయేదే. కాని దాన్లనే ఇంకో సంగతి ఉన్నది. నువ్వు రాలేదని నిన్ను ఎవ్వరూ పిలువరు, యాది చెయ్యరు. పోయినేడు కట్టిన ఫీజు ఈ ఏడుకు పనికిరాదు. పోయినేటి రోల్ నంబర్ పనికిరాదు. పరీక్ష పాసయ్యి ర్యాలీకి (ఉరుకుడు, ఒళ్ళు, కాయితాలు చూసే కాడికి) పోకపోయినా ఆ పాసు కూడ పనికిరాదు, మల్ల పరీక్ష కాడికెల్లే షురూ చెయ్యాలె. పోయినేటి నుంచి ఈ ఏటికి వచ్చేది ఒక్కటే, ఏ కారణంతోని తప్పిపోయినవో ఆ కారణం. ఫోన్ నంబర్ పోయిందో, పేరు కలువలేదో, కాయితం లేదో, అది సక్కగ చేసుకోకుంట మల్ల ఫారం నింపితే మల్ల అక్కడనే ఆగుతవు.

ముందుగాల పుట్టిన తేదీ

నా ముందు కుర్చీల కూసున్నోన్ని నేను మొట్టమొదట అడిగేది పదో తరగతి మెమో. ఆధార్ కాదు, మెమో. దాంట్ల పుట్టిన తేదీ చూసినంకనే కంప్యూటర్ ముట్టుకుంట.

2022 జూన్ల అగ్నివీర్లను తీసుకునే అగ్నిపథ్ పథకం పెట్టినప్పుడు వయసు పదిహేడున్నర నుంచి ఇరవై ఒకటి అన్నరు. కరోనాకు రెండేండ్లు భర్తీ ఆగిపోయింది గనుక ఆ ఒక్క ఏడు మాత్రం ఇరవై మూడు దాకా తీసుకున్నరు. ఆ ఇరవై మూడు మాట పట్టుకోని ఇప్పటికీ వస్తున్నరు కొందరు. అది అప్పటికే అయిపోయింది. ఆ తర్వాత ప్రతి ఏడు నోటిఫికేషన్ల రెండు తేదీలు ఇస్తున్నరు, వాటి మధ్యన పుట్టినోళ్ళే అప్లై చెయ్యాలె. 2024ల అది 2003 అక్టోబర్ 1 నుంచి 2007 ఏప్రిల్ 1. 2025ల 2004 అక్టోబర్ 1 నుంచి 2008 ఏప్రిల్ 1. ఏడాదికి ఏడాది జరుగుతూ వస్తది. 2004 సెప్టెంబర్ 28న పుట్టిన పిలగానికి 2024ల జాగ ఉండె, 2025ల మూడు దినాలతోని పోయింది. "ఒక్క ఏడు ఆగి సూద్దాం" అనేటోళ్ళు ఈ లెక్క ముందుగాల వేసుకోవాలె. నీ వయసు ఎంత అని వేళ్ళ మీద లెక్కపెట్టకు, నీవు అప్లై చేసే ఏటి నోటిఫికేషన్ల ఉన్న రెండు తేదీలే చూడు. రూలు ఎప్పుడన్న మారితే ఆ తేదీలల్లనే మారుతది.

"మేము ఎస్టీ కదా అక్కా, అయిదేండ్లు సడలింపు ఉంటది కదా" అని తండాల పిలగాండ్లు అడుగుతరు. పోలీస్ కానిస్టేబుల్‌కు ఉంటది. అగ్నివీర్‌కు లేదు. ఎస్సీ, ఎస్టీ, బీసీ ఎవ్వలకూ లేదు. తప్పిపోయినోనికి ఒక ఏడు ఎక్కువ ఇచ్చుడూ లేదు. తేదీ దాటిపోతే ఫారం నింపి పైసలు దండగ చేసుకోకు, పోలీస్ నోటిఫికేషన్ దిక్కు చూసుకో. నీవు ఉరికిన ఉరుకుడు అక్కడ కూడ పనికొస్తది.

పాత మెయిల్, పాత నంబర్

ఎక్కువ మంది తప్పిపోయేది ఇక్కడనే.

చందంపేట దిక్కు తండా పిలగాడు ఒకడు వచ్చిండు పోయిన సీజన్ల. ఇంటర్ అయినంక ఎల్బీనగర్ల సెంట్రింగ్ పనికి పోయిండు. పోయేముందు ఎక్కడో ఒక సెంటర్ల అగ్నివీర్ ఫారం నింపిపిచ్చుకున్నడు. ఆ సెంటరాయన పిలగాని పేరు మీద మెయిల్ తీసిండు గాని పాస్‌వర్డ్ చెప్పలే. ఫోన్ నంబర్ కాడ తొందరకు తన నంబరే కొట్టిండు. అడ్మిట్ కార్డు వచ్చిన సంగతి ఆ మెయిల్ల పడ్డది, ఆయన చూడలే, పిలగానికి తెల్వదు. పరీక్షలు అయిపోయి ఫలితాలు వచ్చినంక దోస్తు చెప్తే తెలిసింది.

ఇసొంటోడు వస్తే నేను చేసేది చెప్త. జాయిన్ ఇండియన్ ఆర్మీ డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్ అనే సైటు ఒక్కటే అసలుది. దాన్ని పోలిన పేర్లతోని, పైన జెండా బొమ్మ పెట్టుకోని ఇంకేవేవో కనవడుతయి, వాటిల్ల ఆధార్ నంబర్ కొట్టకు. అసలు సైటుల పాత మెయిల్‌తోని లాగిన్ అయ్యి చూడాలె. పాస్‌వర్డ్ తెల్వకపోతే, మర్చిపోయిన అని నొక్కితే ఓటీపీ పోతది. ఆ ఓటీపీ ఎవరి ఫోన్‌కు పోతున్నదో ఆ మనిషిని పట్టుకోవాలె. ఈ పిలగానికి మేము ఫారం ప్రింటు మీద ఉన్న నంబర్ చూసి ఆ సెంటరాయనకే ఫోన్ కొట్టినం. మంచోడే, ఓటీపీ చెప్పిండు. లోపటికి పోయినంక ప్రొఫైల్ల నంబర్ మార్చి, పాస్‌వర్డ్ మార్చి, అది పిలగానితోని కాయితం మీద రాయించిన. నా కంప్యూటర్ల దాచలే.

పాతది ఏం చేసినా తెరుచుకోకపోతేనే కొత్త రిజిస్ట్రేషన్ సంగతి ఆలోచన చెయ్యి. ఒక్క మనిషి ఒక్కసారి రెండు రిజిస్ట్రేషన్లు చేస్తే రెండూ పోయే ప్రమాదం ఉన్నది. "ఒకటి కాకపోతే ఇంకోటి" అని రెండు మెయిళ్ళతోని నింపిపిచ్చుకునే తెలివి వద్దు. నోటిఫికేషన్‌ల ఇచ్చిన హెల్ప్‌లైన్‌కు రాసి అడిగినంకనే కొత్తది చెయ్యి.

నంబర్ సంగతి ఇంకొక్క మాట. పనికి పోయిన కాడ సిమ్ముకు రీచార్జ్ చెయ్యకుంట మూడు నెలలు వదిలేస్తే కంపెనీ దాన్ని బందు చేసి ఇంకొకలకు ఇచ్చేస్తది. ఆధార్‌కు లింకు అయిన నంబర్ ఏదో, ఇప్పుడు నడుస్తున్న నంబర్ ఏదో రెండూ ఒక్కటే చేసుకో. ఆధార్ సెంటర్‌కు పోయి వేలిముద్ర పెడితే నంబర్ మారుస్తరు, దాన్క పాత నంబర్ ఉండాలె అని లేదు. దసరాకు ఇంటికి వచ్చినప్పుడు చేసుకుంటే సుఖం. నోటిఫికేషన్ పడ్డంక ఆధార్ సెంటర్ కాడ లైను ఎట్లుంటదో నీకు తెలుసు.

పేరు, అక్షరం, హెచ్

మన దిక్కు పేర్ల కాడ పంచాయితీ పెద్దది. లంబాడోళ్ళ ఇంటిపేర్లు రమావత్, కేతావత్, నేనావత్ అని ఉంటయి. బడిల ఒక సారు చివర హెచ్ పెట్టి రాస్తడు, ఆధార్ కాడ ఆపరేటర్ హెచ్ లేకుంట కొడతడు. మెమోల ఇంటిపేరు ముందుంటది, ఆధార్ల ఎన్కకు పోతది. అమ్మ పేరు ఒకదాంట్ల బుజ్జి, ఇంకోదాంట్ల బుజ్జమ్మ. ఇండ్ల ఇది పెద్ద సంగతి కాదు, ర్యాలీ కాడ టేబుల్ ముందు నిలవడ్డప్పుడు పెద్దదే అయితది. ఉరికి, బీమ్ (కడ్డీ పట్టుకోని పైకి లేసుడు) ఎక్కి, అన్నీ దాటి కాయితాల కాడ ఎన్కకు వచ్చిన పిలగాండ్లను చూసిన.

పదో తరగతి మెమోల ఎట్ల ఉన్నదో అట్లనే ఫారంల కొట్టాలె. నీ పేరు, నాయిన పేరు, అమ్మ పేరు, పుట్టిన తేదీ, నాలుగూ. ఆధార్ దాన్క కలవకపోతే ఆధార్‌నే మార్చుకో, అది అల్కగ అయితది. మెమో చూపెడితే ఆధార్ల పేరు, తేదీ దిద్దుతరు. ఆధార్ల పుట్టిన తేదీ ఒక్కసారే మార్చనిస్తరు, పేరు రెండుసార్లు. అందుకే ఆపరేటర్ కొట్టేటప్పుడు నీ దిక్కు ఉన్న స్క్రీన్ల ఒక్కొక్క అక్షరం చదువుకో, సిగ్గు పడకు.

మెమోలనే తప్పు ఉంటే అప్పుడు అసలు పని. నువ్వు చదివిన బడి హెడ్మాస్టర్ కాడికి పోవాలె. ఆయన బడి రిజిస్టర్ కాపీలు పెట్టి పంపితే డీఈఓ ఆఫీసు మీదికెల్లి హైదరాబాద్ల ప్రభుత్వ పరీక్షల డైరెక్టర్ ఆఫీసుకు పోతది. వారం పది రోజుల పని కాదు, దాన్ని నమ్ముకోని నోటిఫికేషన్ పడ్డంక షురూ చేస్తే కాదు. ఇప్పుడు పో.

మార్కుల కాడ కూడ పిలగాండ్లు పరేషాన్ అయితరు. జనరల్ డ్యూటీకి (మామూలు సిపాయి పోస్టుకు) పదిల మొత్తం మీద 45 శాతం, ఒక్కో సబ్జెక్టుల 33 ఉండాలె. మన మెమోల్ల శానా ఏండ్లు మార్కులు లేవు, గ్రేడ్లే. గ్రేడ్లున్నోళ్ళకు ఒక్కో సబ్జెక్టుల డి, మొత్తం మీద సి2 ఉంటే సాలు అని నోటిఫికేషన్ల రాసి ఉంటది. జీపీఏను పదితోని గుణిస్తే శాతం అని ఎవరో చెప్తే విని కొట్టకు, ఫారంల గ్రేడ్ అని అడిగే కాడ గ్రేడే కొట్టు. ట్రేడ్స్‌మెన్‌కు (వంట అసొంటి చేతి పనుల పోస్టులకు) పది పాసైతే సాలు, అందుట్ల హౌస్‌కీపర్, మెస్‌కీపర్ పోస్టులకు ఎనిమిది సాలు.

ఇంకొకటి, ఆధార్ల అడ్రస్. మా దిక్కు నుంచి భివండికి, ముంబయికి, పుణెకు పోయినోళ్ళు ఎంతో మంది. పిల్లలు అక్కడ పెరిగి, ఆధార్ అక్కడి అడ్రస్‌తోని ఉంటది. ఆర్మీల నువ్వు ఏ రాష్ట్రమోనివో ఆ రిక్రూటింగ్ ఆఫీసు కిందికే వస్తవు, తెలంగాణ జిల్లాలన్నీ సికింద్రాబాద్ ఆఫీసు కింద. నల్లగొండ అని జిల్లా కొట్టి, అడ్రస్ థానే జిల్లా చూపెడితే అడుగుతరు. మీసేవల నివాసం సర్టిఫికెట్ తీసుకో, తహసీల్దార్ సంతకం ఉన్నది. ఆధార్ అడ్రస్ కూడ ఊరికి మార్చుకో, అడ్రస్ ఎన్నిసార్లైనా మారుస్తరు. ఎల్బీనగర్ల, వనస్థలిపురంల కిరాయికి ఉండేటోళ్ళకు ఈ తిప్పలు లేవు, అదీ సికింద్రాబాద్ కిందనే.

ఫారం నింపే రోజు

2023ల ఫిబ్రవరి 16 నుంచి మార్చి 20 దాకా, 2024ల ఫిబ్రవరి 13 నుంచి మార్చి 22 దాకా, 2025ల మార్చి 12 నుంచి ఏప్రిల్ 10 దాకా అని పెట్టి తర్వాత 25 దాకా పొడిగించిన్రు. అంటే ఎండలు షురూ అయ్యే కాలం. పొడిగిస్తరులే అని కూసోకు. ఆఖరి మూడు దినాలు సైటు నత్త లెక్క నడుస్తది, పేమెంట్ కాడ ఆగిపోతది.

ఫోటో గురించి చెప్పకుంట ఉండలేను. మన ఫోటో స్టూడియోలల్ల ఒక అలవాటు ఉన్నది. పిలగాడు టీషర్టు మీద పోతే కంప్యూటర్ల కోటు, టై తగిలిస్తరు. మొకం తెల్లగ చేస్తరు. మచ్చ తీసేస్తరు. ఒకడు తెచ్చిన ఫోటోల ఆ కోటు మీద భుజం నల్లగ, మెడ దగ్గర తెల్లటి గీత, చెవులేమో సగమే ఉన్నయి. పెండ్లి సంబంధానికి నడుస్తదేమో గాని ఆర్మీల నడువది. కంప్యూటర్ల మార్చిన ఫోటోలు తీసుకోము అని నోటిఫికేషన్లనే రాసి ఉంటది. కటింగ్ చేపిచ్చుకో, గడ్డం గీసుకో, కాలర్ అంగీ తొడుక్కో, తెల్ల గోడ ముందు దిగు. మూడు నెలల లోపటి ఫోటో అయి ఉండాలె, అంటే పోయినసారి మిగిలిన ఫోటోలు పక్కకు పెట్టు. ర్యాలీకి ఇరవై దాకా కాపీలు అడుగుతరు, గనుక అదే ఫైలు మెయిల్ల దాచుకో. సంతకం తెల్ల కాయితం మీద నల్ల పెన్నుతోని పెట్టి ఫోటో తియ్యాలె. ప్రతిసారి ఒక్కతీరుగ వచ్చే సంతకం పెట్టు, ఆర్మీకి అని కొత్తగ వంకర్లు తిప్పకు.

లోపట ప్రొఫైల్ నింపినంక ఏ పోస్టు అని అడుగుతది. 2025 నుంచి అర్హత ఉంటే రెండు పోస్టులకు అప్లై చెయ్యొచ్చు. పోయినసారి జనరల్ డ్యూటీ ఒక్కటే పెట్టినోళ్ళు ఈసారి ట్రేడ్స్‌మెన్ కూడ పెట్టుకోవచ్చు. అప్పుడు పరీక్షలూ రెండు రాయాలె, అది యాదికి ఉంచుకో. పరీక్ష రాసే ఊర్లు అయిదు ఎంచుకోమంటది. నువ్వు పనిచేసే ఊరు కాదు, పరీక్ష కాలానికి నువ్వు ఏడ ఉంటవో అది ముందు పెట్టు.

భాష కాడ ఆగు. 2025ల తెలుగు సహా పదమూడు భాషలల్ల పరీక్ష పెట్టిన్రు. అంతకుముందు హిందీ, ఇంగ్లీషే ఉండె. పోయినసారి ఇంగ్లీషుల ప్రశ్నే అర్థం కాక వచ్చినోళ్ళకు ఇది పెద్ద సంగతి. తొందరల ఇంగ్లీషు మీద నొక్కి పోతరు, తర్వాత ఏడుస్తరు.

ఫీజు 250 రూపాయలు. కట్టినంక రోల్ నంబర్ వచ్చిందా చూడు. రోల్ నంబర్ రాలేదంటే నీ ఫారం అందలేదన్నట్టే. "పోయినేడు నింపిన అక్కా" అని చెప్పేటోళ్ళల్ల కొందరిది అసల్ల పేమెంటే కాలేదు. పైసలు కట్ అయ్యి రోల్ నంబర్ రాకపోతే వెంటనే రెండోసారి కట్టకు, ఒక దినం ఆగి లాగిన్ అయ్యి చూడు, అప్పటికీ పెండింగ్ అనే ఉంటే మల్ల కట్టు. దీనికే చెప్పేది, ఆఖరి దినం దాకా ఆగొద్దని.

తర్వాత అడ్మిట్ కార్డు కొరకు మెసేజ్ వస్తదని ఎదురుచూడకు. పరీక్ష నెల దగ్గరవడ్డప్పుడు రెండు మూడు దినాలకొకసారి నువ్వే లాగిన్ అయ్యి చూసుకో. పరీక్ష కంప్యూటర్ మీద. జనరల్ డ్యూటీకి గంటల యాభై ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు మార్కులు, తప్పు పెడితే అర మార్కు కోస్తరు. పనిల ఉన్నోళ్ళు మేస్త్రీకి ముందే చెప్పుకో. కూలి రెండు దినాలది పోతే పోనియ్యి.

ర్యాలీ కాయితాలు

వీటిని ఫారం నాడే జమ చెయ్యకు. కొన్నిటికి ఆరు నెలల గడువు ఉంటది, ముందే తీస్తే ర్యాలీ నాటికి పాతవడుతయి. పోయినసారి తీసి దాచిన క్యారెక్టర్ సర్టిఫికెట్ తెచ్చి చూపెట్టేటోళ్ళు ప్రతి ఏడు ఉంటరు. 2024ల పరీక్షలు ఏప్రిల్, మే నెలలల్ల అయితే మన తెలంగాణ ర్యాలీ హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంల డిసెంబర్ల అయ్యింది. మధ్యన ఎంత కాలమో చూడు. పరీక్ష ఫలితం వచ్చినంక తీసుకుంటే సరిపోతది.

సర్పంచ్ ఇచ్చే నడవడిక సర్టిఫికెట్, పెండ్లి కాలేదని సర్టిఫికెట్, రెండిటి మీద ఫోటో అంటించి ఫోటో మీదికి వచ్చేటట్టు సంతకం, ముద్ర ఉండాలె. 2024 మొదట్ల సర్పంచుల గడువు అయిపోయి దాదాపు రెండేండ్లు ఊర్లల్ల సర్పంచులే లేకుండె, స్పెషల్ ఆఫీసర్ల ఎంబడి తిరిగిన్రు పిలగాండ్లు. 2025 డిసెంబర్ల ఎన్నికలై కొత్తోళ్ళు వచ్చిన్రు, ఆ తిప్పలు తీరినయి. నువ్వు ఓటు ఎవలకు వేసినవో అడిగే సర్పంచ్ ఉంటే పెద్దమనిషి ఎవలన్న ఎంబడి తీసుకపో. చదివిన బడి నుంచి నడవడిక సర్టిఫికెట్, మీసేవల కులం, నివాసం, తర్వాత నోటరీ చేసిన అఫిడవిట్. ఆ అఫిడవిట్ల ఏం రాయాలెనో నమూనా నోటిఫికేషన్ ఎన్క పేజీలల్ల ఉంటది, అక్షరం మార్చకుంట అదే టైపు చెయ్యమను. ఎన్సీసీ ఉంటే ఆ సర్టిఫికెట్‌కు మార్కులు కలుస్తయి, ట్రంకుపెట్టెల నుంచి తియ్యి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవలకూ ఇయ్యకు. పోయినసారి తప్పింది కదా, ఈసారి నేను చూసుకుంట అని లక్షలు చెప్పేటోడు ఒకడు తప్పక ఎదురైతడు. తప్పిపోయినోళ్ళ నంబర్లు వాళ్ళకు ఎట్ల దొరుకుతయో నాకు ఇప్పటికీ సమజ్ కాదు. మెమోలు తన దగ్గర పెట్టుకుంట అంటడు. కంప్యూటర్ మీద రాసే పరీక్షల, గడియారం పట్టుకోని ఉరికిచ్చే ఉరుకుడుల ఆయన చేసేది ఏముంటది? నువ్వు నీ అంతట పాసైతే పైసలు తీసుకుంటడు, పాస్ కాకపోతే ఫోన్ ఎత్తడు.

ఒళ్ళు

నేను ఉరికిచ్చేదాన్ని కాదు గనుక దీన్ల ఎక్కువ చెప్ప. 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల లోపట ఉరికితే 60 మార్కులు, ఆలస్యమైన కొద్ది తగ్గుతయి. బీమ్ పది కొడితే 40. నాలుగు వందల మీటర్ల గ్రౌండ్ల నాలుగు రౌండ్లు అనుకో, రౌండుకు 82 సెకన్లు పడుతయి. ఖిల్లా దిక్కు రోడ్డు మీద ఎత్తు, పల్లం చూసి ఉరికితే ఈ లెక్క తెల్వదు, నల్లగొండ స్టేడియంకు పోయి ఒక్కసారన్న గడియారం పెట్టుకోని ఉరుకు. మన రాష్ట్రపోళ్ళకు ఎత్తు జనరల్ డ్యూటీకి 166 సెంటీమీటర్లు, ఛాతీ 77, గాలి పీలిస్తే ఇంకో అయిదు పెరగాలె. గిరిజన ప్రాంతాలోళ్ళకు ఎత్తుల మినహాయింపు ఏం ఉన్నదో నోటిఫికేషన్ల పట్టిక చూసుకో.

మెడికల్ కాడ రెండు సంగతులు మాత్రం చెప్త, ఎందుకంటే వాటితోని ఆగినోళ్ళు మా షాపుకే తిరిగి వస్తరు. చెవుల్ల గుబిలి తీపిచ్చుకోని, పండ్ల గార శుభ్రం చేపిచ్చుకోని రమ్మని నోటిఫికేషన్లనే ఉంటది, ఎవ్వరూ చదువరు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి దిక్కోళ్ళు పండ్ల డాక్టర్‌కు, మోకాళ్ళు రాసుకుంటున్నయా అని ఎముకల డాక్టర్‌కు ముందే చూపిచ్చుకుంటే మంచిది. రెండోది పచ్చబొట్టు. ముంజేతి లోపలి దిక్కు, అరచెయ్యి ఎన్క దిక్కు చిన్నగ ఉంటే నడుస్తది. భుజం మీద, మెడ మీద, ఛాతీ మీద పిల్ల పేరు రాపిచ్చుకుంటే నడువది. తండాలల్ల ఆచారంగ పొడిపిచ్చుకునే పచ్చబొట్లకు గిరిజనులకు మినహాయింపు ఉన్నది, కాని జాతరల మిషన్‌తోని ఏపిచ్చుకున్న తేలు బొమ్మ ఆచారం కాదు తమ్మీ.

నాయినలు అడిగేది

ఎంబడి వచ్చిన నాయిన నన్ను అడిగేది జీతం. మొదటి ఏడు నెలకు 30 వేలు, నాలుగో ఏడు 40 వేలు. దాంట్ల నుంచి 30 శాతం సేవానిధికి కోస్తరు, సర్కారు అంతే కలుపుతది. అంటే మొదటి ఏడు చేతికి 21 వేలు. నాలుగేండ్లకు వడ్డీతోని 11 లక్షల 71 వేల దాకా వస్తది, ట్యాక్స్ లేదు. పెన్షన్ లేదు. నాలుగేండ్ల తర్వాత పర్మనెంట్ చేసేది నూటికి ఇరవై అయిదు మంది దాకానే. 48 లక్షల బీమా ఉంటది. ఇవి విన్నంక "ఎందుకు బిడ్డా" అని లేసిపోయినోళ్ళు ఉన్నరు, "ఊర్ల ఏముంది, పోనియ్యి" అన్నోళ్ళు ఉన్నరు. అది మీ ఇంటి మాట, నేను నడుమ రాను.

ఎయిర్‌ఫోర్స్, నేవీల కూడ అగ్నివీర్ ఉన్నది, వాటి సైట్లు వేరే, ఫారాలు వేరే, తేదీలు వేరే. ఆర్మీల తప్పిపోయినది అక్కడ అడ్డు రాదు. వాటిల్ల ఎక్కువ పోస్టులకు ఇంటర్ల 50 శాతం కావాలె, ఉన్నోళ్ళు అవి కూడ చూసుకోండ్రి.

ఫారం నింపిపిచ్చుకోనీకి నా దగ్గరికే రావాలెనని లేదు, ఏ సెంటర్‌కు పోయినా సరే. మెమో, ఆధార్, కులం, నివాసం, కొత్త ఫోటో, నడుస్తున్న సిమ్ము ఉన్న నీ ఫోన్ తీసుకపో. ఫోన్‌కు చార్జింగ్ పెట్టుకోని పో, ఓటీపీ వచ్చే టైముకు ఆగిపోతే మల్ల మొదటికే. కుర్చీ ఎన్క నిలవడకు, పక్కన కూసోని అక్షరం అక్షరం చూడు. ఫోన్ నంబర్ కాడ నీ నంబరే పడ్డదా చూడు. అయినంక రోల్ నంబర్ ఉన్న ప్రింటు రెండు తీసుకో, ఒకటి ఇంట్ల అమ్మకు ఇయ్యి, ఒకటి నువ్వు పోయే కాడికి తీసుకపో.